క్యాప్స్యూల్‌కు మూడు కన్నాలు

ప్రయోగశాలల్లో కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే ముందుగా ఒక మాట. నేను శాస్త్రవేత్తను కాను. శాస్త్రవేత్తలు కొలవమన్నవాటిని ముప్పై ఏళ్లకు పైగా కొలిచిపెట్టినవాణ్ణి. పదార్థాల అయస్కాంత గుణాన్ని కొలిచే యంత్రం ఒకటి మా విభాగంలో ఉండేది. దాన్ని చల్లబరచడం, అందులో నమూనాను పెట్టడం, తీయడం, అది అలిగినప్పుడు బతిమాలడం నా ఉద్యోగం.

నాకున్న ఒకే ఒక గొప్ప, డైరీ. ఉద్యోగంలో చేరిన రోజు మొదలుకొని ఒక్కరోజు మానలేదు. ప్రతి పేజీ అడుగున ఒక గీత గీసి, దాని కింద ‘ఈరోజు మార్చినది’ అని రాసుకునేవాణ్ణి. పంపు నూనె మార్చానా, కొలత వేగం మార్చానా, టేపు రకం మార్చానా, ఏదైనా సరే అక్కడ ఉండాలి. చాలా పేజీల్లో ఆ చోట ‘ఏమీ లేదు’ అని ఉంటుంది. నేను చేసిన అతి పెద్ద తప్పు కూడా అక్కడే, నా గుండ్రటి చేతిరాతలో, కొట్టివేతలు లేకుండా ఉంది.

హైదరాబాద్‌లో ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైళ్లు కొత్తగా నడుస్తున్న రోజులవి. మాది శ్రీకాకుళం వైపు. ఉద్యోగం కోసం వచ్చి బోయిగూడలో ఇల్లు తీసుకున్నాం. పొద్దున్నే సికింద్రాబాద్ స్టేషన్ దాకా నడిచి, రైలెక్కి బేగంపేటలో దిగేవాణ్ణి. మా ప్రయోగశాల అక్కడికి పది నిమిషాల నడక. విమానాలు నెత్తి మీంచే దిగేవి. పెద్ద విమానం వస్తే కొలత ఆపి, అది పోయాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. చుట్టుపక్కల ప్రతి నెలా ఒక కొత్త అద్దాల భవనం లేచేది. రైల్లో మెడలో కంపెనీ కార్డుల పట్టీలు వేసుకున్న పిల్లలే పిల్లలు. మా దగ్గర ఫిజిక్స్ చదివినవాళ్లు కూడా అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి ఆ పట్టీల్లోకి వెళ్లిపోతున్నారు. మా విభాగంలో పరిశోధక విద్యార్థుల బల్లలు ఆరు ఉంటే, మనుషులు ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరిలో ఒకరు నేను చెప్పబోయే అమ్మాయి.

ఆమెది కూడా బోయిగూడే. వాళ్ల నాన్న టింబర్ డిపోలో రంపం మిషన్ మీద పనిచేసేవాడు. ప్లాట్‌ఫాం మీద నాకు రోజూ ఎదురయ్యేది. మా విభాగం పెద్దాయన, మేము పెద్దసారు అనేవాళ్లం, నన్ను అందరూ ‘సార్’ అనాలని చెప్పినా ఈమె మొదటి రోజే అంకుల్ అంది, చివరిదాకా అదే. రైల్లో నిలబడి, పైకడ్డీ పట్టుకుని, తన పరిశోధన సంగతంతా నాకు చెప్పేది. మిగతావాళ్లు కొలతలు మాత్రమే అడిగేవాళ్లు. ఈమె ఎందుకు కొలుస్తున్నామో కూడా చెప్పేది. అందుకే నాకు ఇంత గుర్తుంది.

ఆమె చేస్తున్నది రాగి ఆక్సైడ్ల మీద పని. చూడ్డానికి నల్లటి పెంకు ముక్కలా ఉంటుంది. ఏమీ కలపని దశలో అది కరెంటును పోనివ్వదు. అందులోని ఒక్కో రాగి పరమాణువు ఒక్కో బుల్లి అయస్కాంతం. పక్కపక్కనున్నవి ఒకదానికొకటి ఎదురు దిక్కుకు తిరిగి నిలబడతాయి. ఒకదాని బలాన్ని ఒకటి కొట్టేసుకోవడం వల్ల బయటికి ఏమీ తెలియదు. అందులో కొద్దికొద్దిగా స్ట్రాన్షియం కలుపుతూ పోతే ఆ వరస చెదిరిపోతుంది. ఇంకొంచెం కలిపి బాగా చల్లబరిస్తే అదే పెంకు ముక్క ఎలాంటి అడ్డూ లేకుండా కరెంటును పోనిస్తుంది. దాన్ని అతివాహకత అంటారు. మామూలు లోహాల్లో ఇది రావాలంటే ఇంకా ఎంతో చల్లబరచాలి. వీటిలో అంత చలి అక్కర్లేకుండానే వస్తుంది. ఎందుకన్నదే ప్రశ్న. ఆ అయస్కాంత వరస చస్తేనే అతివాహకత పుడుతుందా, లేక పైకి చచ్చినట్టు కనిపించి లోపల అదే ఎలక్ట్రాన్లను జతకలుపుతోందా? నేను రిటైరై ఇన్నేళ్లయినా అందరూ ఒప్పుకున్న జవాబు వచ్చినట్టు నేను వినలేదు.

“అందరు ఈ ఇద్దర్నీ దుష్మన్లంటరు అంకుల్,” అని ఒకరోజు రైల్లో చెప్పింది. “నాకైతే ఒకే ఇంటోళ్లనిపిస్తది. బయట కొట్లాడుకుంటరు, లోపల ఒకే పొయ్యి.”

ఆ పొయ్యి చూపించడమే ఆమె పట్టుదల.

ఇక నా పని. నల్లటి పొడిని మందుల షాపులో దొరికే ఖాళీ క్యాప్స్యూల్‌లో పోయాలి. పైన కాస్త దూది కూరి మూత పెట్టాలి. ఆ క్యాప్స్యూల్‌ను కూల్‌డ్రింకు తాగే ప్లాస్టిక్ స్ట్రాలోకి దూర్చాలి. నవ్వకండి, అన్ని దేశాల్లోనూ అంతే చేస్తారు. స్ట్రాకు అయస్కాంత గుణం దాదాపు ఉండదు, పైగా చవక. స్ట్రాను యంత్రంలోకి దింపి, లోపలి గాలిని పంపుతో లాగేసి, హీలియం నింపి చల్లబరుస్తాం. దింపేముందు క్యాప్స్యూల్‌కు సూదితో మూడు కన్నాలు పొడవాలి. నాకు పని నేర్పిన సీనియర్ అలా చేసేవాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. రెండు కాదు, నాలుగు కాదు, మూడు. మా ఆవిడ కుట్టుపెట్టెలోంచి తెచ్చిన సూదిని యంత్రానికి దూరంగా ఒక కార్కు ముక్కకు గుచ్చి ఉంచేవాణ్ణి.

ఆమె మొదటి మంచి నమూనా తయారవడానికి మూడు నెలలు పట్టింది. కల్వంలో నూరడం, కొలిమిలో కాల్చడం, మళ్లీ నూరడం, మళ్లీ కాల్చడం. చివరికి చిటికెడు పొడి వచ్చింది. అది కాగితంలో పెట్టుకుని, ప్రసాదం తెచ్చినట్టు రెండు చేతులతో తెచ్చి ఇచ్చింది. నేను క్యాప్స్యూల్‌లో పోసి, మూడు కన్నాలు పొడిచి, దింపి, పంపు తిప్పాను. ఆరోజు పంపు కాస్త దూకుడుగా లాగింది. గాలితోపాటు కన్నాల్లోంచి సగం పొడి కూడా పోయింది. పైకి తీసి చూస్తే స్ట్రా లోపలంతా మసి పట్టినట్టు ఉంది.

ఆమె కిటికీ దగ్గరికెళ్లి విమానాలు చూస్తున్నట్టు నిలబడింది. కొంతసేపటికి భుజాలు కదలడం చూసి నాకు అర్థమైంది. నాకు ఆడపిల్లలు లేరు. ఏడుస్తున్న ఆడపిల్లకు ఏం చెప్పాలో తెలియక యంత్రం లోపల పట్టిన పొడిని శుభ్రం చెయ్యడం మొదలుపెట్టాను. రెండు రోజులు పట్టింది.

ఆ సాయంత్రం డైరీలో గీత కింద రాసుకున్నాను. ఆ మాటలు తర్వాత వస్తాయి.

మిగిలిన సగం పొడితో మళ్లీ కొలిచాం. ఈసారి కన్నాలు లేవు. క్యాప్స్యూల్ అతుకు చుట్టూ టేపు చుట్టి, పైన వార్నిష్ పూసి, పొడి రవ్వ కూడా బయటికి రాకుండా బిగించాను. నా పనితనం చూసి నాకే ముచ్చటేసింది. కొలతలో ముప్పై కెల్విన్ దగ్గర, అంటే సున్నాకు రెండొందల నలభై డిగ్రీలకు పైగా కింద, అతివాహకత వచ్చింది, అది ఊహించిందే. కానీ దానికి కొంచెం పైన, యాభై దగ్గర, గ్రాఫు గీత మీద చిన్న బుడిపె.

“అంకుల్, గిదేంది?” అంది. ఆ ప్రశ్నలో భయం, ఆశ రెండూ ఉన్నాయి.

మళ్లీ కొలిచాం. మళ్లీ వచ్చింది. స్ట్రాన్షియం ఎక్కువ తక్కువలుగా కలిపి ఇంకో రెండు నమూనాలు చేసింది. వాటినీ అంతే భద్రంగా మూసిపెట్టాను. వాటిలోనూ అక్కడే వచ్చింది. అతివాహకత మొదలయ్యే ముందు అయస్కాంత వరస మళ్లీ తల ఎత్తుతోందన్నమాట. పైదేశాల్లో పెద్ద యంత్రాలతో ఇలాంటి పదార్థాల్లోనే, ఇంచుమించు ఈ చలిలోనే, ఇలాంటిది చూశారని పత్రికల్లో వస్తూనే ఉంది. మా పెద్దసారు మామూలుగా నవ్వని మనిషి. ఆ గ్రాఫు చూసి టీ తెప్పించాడు. మూడు నమూనాల్లో స్ట్రాన్షియం వేరువేరుగా ఉన్నా బుడిపె మాత్రం ఒక్క గీత పక్కకు జరగలేదు. అప్పుడే నేను ఆగాల్సింది. ప్రకృతి అంత క్రమశిక్షణగా ఉంటే మాలాంటివాళ్లకు ఉద్యోగాలే ఉండేవి కావు.

ఆమె ఫెలోషిప్ గడువు అప్పటికే అయిపోయింది. ఈ ఫలితం మీద వ్యాసం పంపితే ఇంకో రెండేళ్లు పొడిగింపు ఇప్పించగలనని పెద్దసారు చెప్పాడు. సరిగ్గా అప్పుడే బేగంపేటలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. చేరుతున్నదీ లేనిదీ ఒక శుక్రవారం సాయంత్రంలోగా రాసి ఇవ్వాలి. వాళ్ల నాన్న ఏమన్నాడని అడిగాను.

“బాపు ఏమంటడు అంకుల్? ‘నీకు ఏది నిద్ర పట్టనిస్తే అది చెయ్యి బిడ్డా’ అన్నడు. ఆయనకు మాత్రం నిద్ర పడ్తలేదు.”

వద్దని ఉత్తరం రాసేసి బ్యాగులో పెట్టుకుంది. శుక్రవారం మధ్యాహ్నం నడుచుకుంటూ వెళ్లి ఇచ్చేస్తానంది.

ఆ ముందు రోజు, గురువారం సాయంత్రం, నేను ఇంటికెళ్లేసరికి మా ఆవిడ వంకాయలు కాల్చి పచ్చడి చేస్తోంది. మా వైపు వంకాయను పొయ్యి మీద పెట్టేముందు చాకుమొనతో గాట్లు పెడతారు. ఆరోజు ఎవరితోనో మాట్లాడుతూ ఒకదానికి మరిచిపోయినట్టుంది. అది ఠప్పున పేలి గోడంతా చిమ్మింది.

“గాలి పోయే దారి లేదు కదండీ, అందుకే పేలింది,” అంది గోడ తుడుస్తూ. నేను కదలకుండా నిలబడిపోయాను. “ఏటండీ అలా చూస్తన్నారు? వంకాయే కదా.”

వంకాయే. కానీ నా కళ్లముందు నేను వార్నిష్ పూసి బిగించిన క్యాప్స్యూల్ ఉంది. పొడి బయటికి రాకుండా మూశాను సరే, లోపలి గాలి ఎటు పోయింది? పంపు ఎంత లాగినా అది లోపలే ఉంటుంది. నమూనాతోపాటే చల్లబడుతుంది.

డైరీ తీశాను. బుడిపె వచ్చిన కొలతలన్నీ చూశాను. కన్నాలు మానేసిన తర్వాతివే. కన్నాలున్నప్పుడు, పొడి పోయిన రోజుకు ముందు, ఆమె పనికిరాదని పక్కన పెట్టిన ఒక పాత నమూనాను కొలిచాం. అందులో యాభై దగ్గర ఏమీ లేదు. అన్నీ ఉన్నాయి. తేదీలతో సహా, వరసగా, శుభ్రంగా ఉన్నాయి. ఒక్కటే లేదు. కన్నాలు మానేశానని నేను ఆమెకు గానీ, పెద్దసారుకు గానీ చెప్పలేదు. డైరీలో రాసుకున్నాను కాబట్టి చెప్పేశాననే అనుకున్నాను. డైరీ రాసేవాళ్లకు ఈ జబ్బు ఉంటుంది. కాగితం మీద పెట్టగానే లోకానికంతా తెలిసిపోయినట్టు గుండె తేలికపడుతుంది.

మర్నాడు అందరికంటే ముందు వెళ్లి నా బీరువాలోంచి యంత్రం తాలూకు మాన్యువల్ తీశాను. పదేళ్లనుంచి నా దగ్గరే ఉంది. ప్లాస్టిక్ కవరు కూడా చిరగలేదు. వెనకపక్క తరచుగా జరిగే పొరపాట్ల మీద నాలుగు పేజీలున్నాయి. అందులో మా సంగతి అర పేరా. గాలిలోని ఆక్సిజన్ గడ్డకట్టినప్పుడు దానికీ అయస్కాంత గుణం ఉంటుంది. నమూనా చుట్టూ గాలి మిగిలిపోతే యాభై కెల్విన్ ప్రాంతంలో బుడిపె కనిపించవచ్చు. దాన్ని నమూనా గుణమని పొరబడవద్దు.

కుర్చీలో కూర్చున్నాను. ఒక విమానం దిగింది. నిజం చెప్పాలంటే, ఊరుకుందామన్న ఆలోచన కూడా వచ్చింది. మధ్యాహ్నానికి ఆమె ఉత్తరం ఇచ్చేస్తుంది. ఎవరో ఎప్పుడో పట్టుకునేదాకా ఆమె ఇక్కడే ఉంటుంది. నాకు రైల్లో తోడుంటుంది. కానీ పట్టుకున్న రోజున ఆమెకు ఉద్యోగమూ ఉండదు, ఫలితమూ ఉండదు. చెబితే ఇవాళే వెళ్లిపోతుంది. ఎటుచూసినా కారణం నేనే.

ఆమె తొమ్మిదింటికి వచ్చింది. చేతిలో చివరి నమూనా పొట్లం ఉంది. ట్యాంకులో హీలియం అడుగంటింది. ఇక ఒక రోజుకు సరిపోతుంది, మళ్లీ డబ్బా రావాలంటే నెల పడుతుంది. ఈ నాలుగో నమూనా కొలతతో వ్యాసం పూర్తిచేద్దామని అనుకున్నాం.

“అమ్మా, ఇవాళ ముందు ఖాళీ క్యాప్స్యూల్ కొలుద్దాం,” అన్నాను. “మూసేసి. అంతకుముందు మూసినట్టే.”

“ఖాళీ దాంట్ల ఏముంటదంకుల్? ఉన్నదే గింత హీలియం. అది గాలికి పోగొడ్దమా?”

“గాలి కోసమేనమ్మా.”

కూర్చోబెట్టి అంతా చెప్పాను. వంకాయ సంగతి కూడా చెప్పాను, ఎందుకో తెలియదు. మాన్యువల్ ఆమె ముందు పెట్టాను. ఆమె ఆ అర పేరా మూడుసార్లు చదివింది. నా మీద కోప్పడుతుందేమో అనుకున్నాను, కోప్పడితే బాగుండునని కూడా అనిపించింది. ఆమె లేచి తన పొట్లాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది. ఖాళీ క్యాప్స్యూల్ ఒకటి తీసుకుని, టేపు చుట్టి, వార్నిష్ తనే పూసింది.

చల్లబడేసరికి పదకొండు దాటింది. యంత్రం కింది నుంచి ఒక్కో డిగ్రీ వేడెక్కుతూ చుక్క తర్వాత చుక్క తెరమీద పెడుతుంది. ఇద్దరం స్టూళ్ల మీద కూర్చుని చూస్తున్నాం. ఇరవై, ముప్పై. ఏమీ లేదు, ఉండదు కూడా, లోపల పొడి లేదు కదా. నలభై దగ్గర కూడా ఏమీ లేదు. ఒక క్షణం ఆమె నావైపు చూసింది. నేనే తప్పేమో అన్న ఆశ నాకూ కలిగింది. నలభై నాలుగు దాటగానే చుక్క పైకి లేచింది. తర్వాతది ఇంకా పైకి. యాభై దాటాక మెల్లగా దిగడం మొదలుపెట్టింది. అచ్చం అదే. ఆమె నెలల తరబడి గోడకు అతికించుకున్న బుడిపె.

ఆమె లేచి తెరమీది బుడిపెను వేలితో తడిమింది.

“గాలి,” అంది చివరికి. “నాలుగు నెల్లు నేను గాలిని చూస్కుంట కూసున్న.”

“తప్పు నాదమ్మా.”

“ఆ డైరీ చూపిస్తరా?”

నా డైరీ నేను ఎవరికీ ఇవ్వలేదు, మా ఆవిడకు కూడా. ఆరోజు ఇచ్చాను. పేజీ తనే వెతుక్కుంది. పైన ఆరోజు పని అంతా ఉంది. గీత కింద రెండు వాక్యాలు. ఆమె పైకి చదివింది. చదువుతుంటే ఆమె గొంతులో నా రాత వినడం నాకు ఇబ్బందిగా ఉంది.

“‘పొడి కన్నాల్లోంచి పోయి అమ్మాయి ఏడ్చింది. ఇకమీదట ఆమె నమూనాలకు కన్నాలు పొడవను.’”

డైరీ మూసి ఒళ్లో పెట్టుకుంది.

“నాకోసం చేసిన్రా అంకుల్ ఇదంత?”

నేను తలూపాను. అప్పుడు నవ్వింది. కళ్లలో నీళ్లున్నాయి గానీ నవ్వే. “ఏడ్వకుండ ఉంటే అయిపోతుండె,” అంది. “సైన్స్‌ల ఏడ్వొద్దని ఎవ్వరు రాయలే మాన్యువల్‌ల.”

టీ తాగాం. బిస్కెట్టు ముంచుకుంటూ గంటలో ఎంత హీలియం పోతోందని అడిగింది. లెక్కేస్తే ఇంకొక్క కొలతకు బొటాబొటీగా సరిపోతుంది. సొరుగు తాళం తీసి పొట్లం బయటపెట్టింది. కన్నాలు పెడితే పొడి పోతుందేమోనని నేను జంకాను. ఆమె క్యాప్స్యూల్‌లో పొడి పోసి, పైన దూదిని పలచటి బిళ్లలా నొక్కి, కన్నాలు దూదికి పైభాగంలో మాత్రమే పొడవమంది. పంపును మెల్లగా తిప్పమంది. అంతే. ఇన్నేళ్లలో నాకు తట్టని సంగతి. కార్కుకున్న సూది తీసి మూడు కన్నాలు పొడిచాను. పొడి రవ్వ కూడా కదల్లేదు.

ఆ కొలత మధ్యలో ఉండగా మూడయింది. ఆమె బ్యాగు తీసి ఉత్తరం చూసుకుంది, మళ్లీ లోపల పెట్టింది. ఇవాళ్టికి యాభై దాటేదాకా ఎక్కడికీ పోనంది. ముప్పై దగ్గర గీత అతివాహకతలోంచి పైకి లేచి సమంగా సాగింది. నలభై. నలభై నాలుగు. యాభై. అరవై. బల్లమీద గీసినట్టు తిన్నగా ఉంది. బుడిపె లేదు.

“ఎంత సాఫ్‌గ ఉంది అంకుల్,” అంది మెల్లగా. ఓడిపోయిన మనిషి గొంతు కాదది.

నాలుగున్నరకు ఇద్దరం పెద్దసారు గదికి వెళ్లాం. గ్రాఫులు రెండూ బల్లమీద పెట్టి, కన్నాలు మానింది నేనేనని చెప్పాను. ఆయన రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. వ్యాసం ఇంకా పంపలేదు కదా అని అడిగాడు. లేదన్నాం. ఖాళీ క్యాప్స్యూల్ కొలిచారా అని మొదటి రోజే తను అడగాల్సిందని అన్నాడు. పొడిగింపు మాట ఎత్తలేదు. ఎత్తడానికి ఆయన చేతిలో ఏమీ మిగల్లేదని మా ముగ్గురికీ తెలుసు.

గేటు దాకా ఆమెతో నడిచాను. అక్కడ ఉత్తరం తీసి మడతమీద మడత పెట్టి చింపింది. ఒక తెల్లకాగితం అడిగింది. నా డైరీ వెనక ఉన్న ఖాళీ పేజీ చింపి ఇచ్చాను. అదే మొదటిసారి డైరీలో కాగితం చింపడం. గోడకు ఆనించి చేరుతున్నట్టు రాసింది. ఐదు కావడానికి ఇరవై నిమిషాలుంది. కంపెనీ ఎదురు రోడ్డులోనే.

“నావల్లే కదమ్మా,” అన్నాను.

“మీవల్ల కాదంకుల్. బుడిపె కోసం ఉంటే, బుడిపె పోయినంక నేను సుత పోతుంటి. అసలు సవాలు మాత్రం అట్లనే ఉంది కదా. ఆ ఇద్దరు ఒకే ఇంటోళ్లా కాదా అని. అది ఏడికి పోతది? శనివారాలు వస్త. మీరు సూది తయ్యార్ పెట్టుండ్రి.”

వచ్చింది కూడా. మెడలో పట్టీ తీసి జేబులో పెట్టుకుని, దాదాపు మూడేళ్లు శనివారం శనివారం వచ్చింది. హీలియం ఉన్న శనివారాల్లో కొలిచాం, లేనప్పుడు తను రాసుకుంది. థీసిస్‌లో గొప్ప సంగతులేమీ లేవని ఆమే అనేది. స్ట్రాన్షియం పెరుగుతుంటే అయస్కాంతత్వం ఎలా తగ్గుతుందో, అతివాహకత ఎక్కడ మొదలవుతుందో, నమ్మకంగా కొలిచిన కొలతలు మాత్రం ఉన్నాయి. పద్ధతులు వివరించే అధ్యాయంలో ఒక వాక్యం ఉంది. కొలతకు ముందు ప్రతి క్యాప్స్యూల్‌కు దూదికి పైభాగంలో సూదితో మూడు కన్నాలు పెట్టామని. ముందుమాటలో నాకు చెప్పిన కృతజ్ఞతలకన్నా నాకు ఆ వాక్యమే ఎక్కువ. ఆమె ఇప్పటికీ ఆ కంపెనీలోనే, పెద్ద పదవిలో ఉంది. కొత్తగా చేరినవాళ్ల చేత ఏ ప్రోగ్రామునైనా ముందు ఏమీ ఇవ్వకుండా ఖాళీగా నడిపించి చూస్తుందట. వాళ్లు విసుక్కుంటారట.

నేను రిటైరైన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. దండలూ మాటలూ అయ్యాక, యంత్రం గదిలోకి చివరిసారి వెళ్లాను. ఆ ఏడాదే చేరిన ఒక పరిశోధక విద్యార్థిని నమూనా సర్దుకుంటోంది. క్యాప్స్యూల్‌లో పొడి పోసి, దూది నొక్కి, కార్కుకున్న సూది తీసి, సరిగ్గా మూడు కన్నాలు పొడిచింది. చెయ్యి చక్కగా ఉంది. ఎందుకమ్మా మూడు కన్నాలు అని అడిగాను.

“ఇక్కడ ఎప్పటినుంచో అంతే కదా సార్,” అంది.

సరేనని వచ్చేశాను. బేగంపేట స్టేషన్ మెట్లెక్కుతుంటే ఆరోజు డైరీలో ఏం రాయాలో వాక్యం తయారైపోయింది. ‘కొత్తమ్మాయి చెయ్యి మంచిది. కన్నాలకు కారణం తెలియదు.’ వాక్యం బాగుందనిపించింది, గుండె తేలికపడింది. ఆ తేలికదనం నాకు తెలిసినదే. రైలు ప్లాట్‌ఫాం మీదికి వస్తోంది. నేను మెట్లు దిగి వెనక్కి నడిచాను.

ఆమె ఇంకా స్ట్రా దింపలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, వంకాయ దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. పోయిన పొడి, ఏడ్చిన అమ్మాయి, ఖాళీ క్యాప్స్యూల్ పెట్టిన బుడిపె, అన్నీ. అయిపోయేసరికి ఇంకో రెండు రైళ్లు పోయాయి. ఆమె ఖాళీ క్యాప్స్యూల్ ఒకటి తీసి, ముందు దాన్ని కొలుద్దామా సార్ అని అడిగింది.

ఆ రాత్రి డైరీలో దండల గురించి రాశాను, భోజనం గురించి రాశాను. ఆ అమ్మాయి సంగతి రాయలేదు. రాయాల్సిన అవసరం కనిపించలేదు.